నందిగామ వాళ్ళు వస్తున్నారు

నవంబరు 3, సోమవారం

ఈ రోజు పేపర్లో మా వీధి గురించి నాలుగు లైన్లు వేశారు. "నిర్మానుష్యంగా పాతకొట్ల వీధి" అని శీర్షిక. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి తెలుగు చెప్పినదాన్ని. ఆ మాట వాడాలంటే ముందు మనుషుల్ని లెక్కపెట్టాలని నాకు తెలుసు. పేపరు పట్టుకుని బయటికెళ్ళి లెక్కపెట్టాను. పొద్దున తొమ్మిదింటికి పందొమ్మిది మంది. నాతో కలిపి ఇరవై. హసన్‌బీ గాజుల కొట్లో కూర్చునే ఉంది. నౌషాద్ జిరాక్సు కొట్టు తెరిచే ఉంది.

పన్నెండు కొట్లలో ఎనిమిదింటికి తాళాలున్న మాట నిజమే. బైపాసు దగ్గర షాపులు వచ్చాక జగ్గయ్యపేటలో కొనేవాళ్ళంతా అటే పోతున్నారు. కానీ తాళం వేసిన కొట్టు వేరు, మనుషులు లేని వీధి వేరు.

అసలు సంగతి నాలుగో లైన్లో ఉంది. కొట్ల స్థలం మున్సిపాలిటీది, మా వాళ్ళది తాతల నాటి లీజు. ఈ నెల 28న ఆఫీసు వాళ్ళు వచ్చి చూస్తారట. వాడకంలో లేవని తేలితే లీజు పొడిగించరు. పడగొట్టి బళ్ళ పార్కింగు చేస్తారు. ఆ నోటీసు మొదటి కొట్టు గోడకి అంటించి వారమైందట. నేను రోజూ ఆ గోడ పక్కనుంచే నడుస్తాను. రిటైరై నాలుగు నెలలయింది, అప్పట్నుంచి నేను దేన్నీ చూడటం లేదని మా ఆయన అంటారు.

ఆయన పేపరు మడిచి, "చూశావా మణీ, పేపరోళ్ళే రాశారు. ఇంక నందిగామ ఫ్లాటు సంగతి తేల్చేద్దాం" అన్నారు. ముప్పై ఏళ్ళు జగ్గయ్యపేట–నందిగామ బస్సులో కండక్టరు చేసిన మనిషి. తమ్ముడు ఉండేది నందిగామలోనే. ఫ్లాటుకి లిఫ్టు ఉంది, బాల్కనీ ఉంది. జనవరిలో మారిపోదామంటున్నారు.

నాకేం అభ్యంతరం లేదు.

నవంబరు 4

నాకేం అభ్యంతరం లేదని ఆయనకి మళ్ళీ చెప్పాను. ఆయన అడగలేదు.

నవంబరు 6, గురువారం

నౌషాద్ నా దగ్గర తొమ్మిదో తరగతి రెండేళ్ళు చదివాడు. ఇప్పుడు నలభై దాటాడు, ముగ్గురు పిల్లల తండ్రి. అయినా నేను కొట్లోకి వెళితే లేచి నిలబడతాడు.

"ఎవరో మన గురించి రాసేదేంటి నౌషాద్, మనమే రాసుకుందాం. ఒక కాగితం, ఒకవైపు," అన్నాను.

"వాట్సాప్‌లో పెట్టేద్దాం మేడమ్. కాగితం దండగ."

"అందులో పెడితే గుడ్ మార్నింగుల కింద పూడిపోతుంది. కాగితమైతే కనీసం కాళ్ళకి అడ్డం పడుతుంది."

'పాతకొట్ల కబురు' అని పేరు పెట్టాం. సంపాదకురాలు: కె. దేవమణి. మొదటి సంచికలో అన్నీ నిజాలే రాశాను. నోటీసు సంగతి, మేమే చెత్త వేసి పూడ్చుకున్న కాలవ సంగతి, హసన్‌బీ కొట్టుకి యాభై ఏళ్ళు నిండిన సంగతి. అక్షరదోషాలు లేవు. మూడుసార్లు చూశాను.

నవంబరు 8, శనివారం

ఎవరూ చదవలేదు. హసన్‌బీ నా ఎదురుగానే ఆ కాగితంలో డజను గాజులు చుట్టి ఇచ్చింది. "మంచి కాయితం టీచరమ్మా, చిరగట్లేదు," అని మెచ్చుకుంది కూడా.

ఎదురింటి సీతారావమ్మగారు మాత్రం చదివారు. మూసి ఉన్న ఎనిమిది కొట్లలో ఐదు ఆవిడవే. తన ఇంటిపేరు ఎక్కడా వేయలేదని అన్నారు. కొట్ల గురించి ఒక్క మాట లేదు.

నిజంతో వచ్చిన చిక్కేమిటంటే, అది అందరికీ ముందే తెలుసు.

నవంబరు 10, సోమవారం

రెండో సంచిక. అడుగున మూడు లైన్ల చోటు మిగిలింది. ఖాళీ వదిలితే బాగుండదని ఇలా రాశాను:

"మన పాతకొట్ల వీధి పద్ధతిని చూసి నేర్చుకోవడానికి నందిగామ వర్తకులు ఈ నెల 23, ఆదివారం నాడు ఇక్కడికి రానున్నారు."

రానున్నారు అన్నది భవిష్యత్తు. జరగనిదాన్ని జరిగిందని రాస్తే అబద్ధం. జరగబోయేదాన్ని గురించి రాస్తే అది ఆశ. వ్యాకరణం ప్రకారం నా తప్పేమీ లేదు.

నందిగామే ఎందుకంటే, ఆ పేరు చేతికి అలా వచ్చింది. ఫ్లాటుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

నవంబరు 11

ముప్పై కాపీలు చాలలేదు. నౌషాద్ ఇంకో నలభై తీశాడు.

నవంబరు 13, గురువారం

ఇన్నేళ్ళు ఈ వీధిలో ఉండి నాకు తెలియని విషయం ఒకటి తెలిసింది. ఇక్కడ ప్రతి ఒక్కరికీ నందిగామ మీద ఒక పాత కోపం ఉంది.

హసన్‌బీ చెల్లెల్ని నందిగామ ఇచ్చారు. ఆ పెళ్ళిలో మగపిల్లవాడి తరఫువాళ్ళు మా ఊరి సిమెంటు ఫ్యాక్టరీలని ఎత్తిపొడుస్తూ, "పేట వాళ్ళ బిర్యానీలో కూడా సిమెంటు దుమ్మే" అన్నారట. ఆ పెళ్ళికూతురికి ఇప్పుడు మనవలు. హసన్‌బీకి ఆ మాట మాత్రం నిన్న అన్నట్టే ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషి స్టూలెక్కి సున్నం వేస్తోంది. నేను దిగమంటే, "దుమ్మన్న నోళ్ళు రానీ, చూపిస్తా," అంది.

నౌషాద్ జట్టు క్రికెట్లో నందిగామ చేతిలో ఒక్క పరుగుతో ఓడిపోయింది. అంపైరు వాళ్ళవాడట. ఎప్పుడని అడిగాను. "నేను మీ దగ్గర తొమ్మిది చదివేటప్పుడు మేడమ్. రెండోసారి," అన్నాడు.

సీతారావమ్మగారి సంగతి వీటన్నిటికంటే పెద్దది. నలభై ఐదేళ్ళ కిందట ఆవిణ్ణి చూసుకోవడానికి నందిగామ నుంచి వచ్చారట. "మనిషికి రెండు ప్లేట్లు బజ్జీలు తిన్నారండి. వెళ్ళి కబురు చేస్తామన్నారు. ఇప్పటిదాకా కబురు లేదు," అన్నారు. తరవాత ఆవిడకి మంచి సంబంధమే కుదిరింది, ఆయన బంగారంలాంటి మనిషి. అయినా ఆ బజ్జీలు అలాగే ఉండిపోయాయి. "వాళ్ళొచ్చేసరికి నా కొట్ల తలుపులు అట్టా ఉండకూడదు. నీలం రంగు ఏయిస్తన్నా."

కాలవ పూడిక ఒక్క పూటలో తీసేశారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నేనూ ఏమీ చెప్పలేదు.

నవంబరు 14

"మా తమ్ముణ్ణి అడిగా. మీ వీధికి వస్తన్నట్టు నందిగామలో ఎవరికీ తెలియదంటన్నాడు," అన్నారు ఆయన.

"పెద్ద విషయాలు మీ తమ్ముడికి చెప్పి చేస్తారా ఏంటి," అన్నాను.

ఆయన గోడగడియారం విప్పుకుంటూ కూర్చున్నారు. రిటైరయ్యాక అదే పని. భోజనాల బల్ల మీద ఆరు గడియారాలు, ఆరు టైములు.

మీ వీధి అన్నారు. మన వీధి అనలేదు.

నవంబరు 16, ఆదివారం

గుడిలో ఈ రోజు వాక్యం తొమ్మిదో ఆజ్ఞ మీద. అబద్ధ సాక్ష్యము పలుకకూడదు. పాస్టరుగారు నా వైపు చూడలేదు. చూశారేమోనని నేనే నాలుగుసార్లు చూశాను.

నవంబరు 17, సోమవారం

నందిగామ వెళ్ళాను. చుట్టాన్ని చూసి వస్తానని ఆయనకి చెప్పాను. ఎవరని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

వాళ్ళ వర్తక సంఘం కార్యదర్శి పేరు కిషోర్‌బాబు. స్టీలు సామాన్ల కొట్టు. తెల్ల చొక్కా, జేబులో మూడు పెన్నులు. తప్పు ఒప్పేసుకుని, ఒక్కసారి వచ్చి వెళ్ళండని బతిమాలుకుందామనే వెళ్ళాను. ఇది నిజం. బస్సులో మాటలు కూడా కూర్చుకున్నాను.

"మేం మీ వీధికి వస్తన్నామా? ఎప్పుడండి?" అన్నారాయన.

"ఆదివారం."

"ఎవరు చెప్పారండి?"

"పేపర్లో వచ్చింది," అని కాగితం తీసి చూపించాను. సంపాదకురాలి పేరు ఉన్నచోట బొటనవేలు పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. "చూసి నేర్చుకోడానికా? పేట వాళ్ళ దగ్గర నందిగామ వాళ్ళు నేర్చుకునేదేంటండి?"

నవ్వుతూనే అన్నారు. కొట్లో పనిచేసే అమ్మాయి కూడా నవ్వింది. బస్సులో కూర్చుకున్న మాటలు ఎటు పోయాయో తెలియదు.

"పర్లేదండి, కుదరకపోతే ఇబ్బంది పడకండి," అన్నాను. "కోదాడ వాళ్ళు అదే రోజు వస్తామని అడుగుతున్నారు. వాళ్ళకి మాట ఇచ్చేస్తాను."

"మధ్యలో కోదాడ వాళ్ళు ఎందుకండి?"

"నేర్చుకోవడానికి."

ఆయన నవ్వడం మానేశారు. టీ తెప్పించారు. "మా వాళ్ళతో మాట్లాడి ఫోను చేస్తా. అప్పటిదాకా కోదాడోళ్ళకి ఏం చెప్పబాకండి," అన్నారు.

తిరుగు బస్సులో కంచికచర్ల వైపు వెళ్ళే లారీలు చూస్తూ కూర్చుంటే అర్థమైంది. ఒక అబద్ధాన్ని ఒప్పుకోవడానికి వెళ్ళి ఇంకొకటి పెట్టి వచ్చాను. ఇది భవిష్యత్తు కూడా కాదు. అడుగుతున్నారు అన్నాను. వర్తమానం.

నవంబరు 19

ఫోను లేదు.

నవంబరు 20

ఫోను లేదు. సీతారావమ్మగారి ఐదు కొట్లకీ రంగు పూర్తయింది. బజ్జీలకి శనగపిండి ఆడించారట. "ఈసారి ఒక్క ప్లేటే పెడతా," అన్నారు. ఆవిడ అంత హుషారుగా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. ఇంటికొచ్చి రెండు గ్లాసులు మంచినీళ్ళు తాగాను.

నవంబరు 22, శనివారం

ఫోను లేదు.

రంగు వేస్తే మాత్రం ఖాళీ కొట్టు ఖాళీ కొట్టే. అందుకని అందరూ తలా ఒకటి తెచ్చి పెట్టారు. నౌషాద్ భార్య రుబీనా కుట్టుమిషను ఒక దాంట్లో పెట్టింది. సీతారావమ్మగారు రెండింట్లో పచ్చళ్ళ జాడీలు సర్దారు. మూడో నంబరు కొట్టు మిగిలింది.

"రేపు ఒక్క పూట మీరు ఆ కొట్లో కూర్చోండి," అన్నాను ఆయనతో.

"నాకు కొట్టేంటి మణీ?"

"గడియారాల కొట్టు."

"మోసం కాదా అది?"

"గడియారాలు మీవే, బాగుచేసేదీ మీరే. అందులో మోసం ఏముంది?"

ఆయన బల్ల మీది గడియారాలు ఒక్కొక్కటే పెట్టెలో సర్దారు. తరవాత, "బోర్డు లేకపోతే కొట్టులాగా ఉండదు. కె.ఆర్. వాచ్ వర్క్స్ అని రాయి," అన్నారు. రాశాను. అక్షరాలు పెద్దవి చేయమని రెండుసార్లు తిరిగి పంపారు.

పడుకోబోయే ముందు, "వాళ్ళు నిజంగా వస్తారా?" అని అడిగారు. నాకు నిద్ర వచ్చింది.

నవంబరు 24, సోమవారం

నిన్న రాయడానికి చేతులు లేవలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

పది గంటలకి వీధి అంతా సిద్ధంగా ఉంది. సీతారావమ్మగారు పట్టుచీర కట్టుకుని బాణలి ముందు కూర్చున్నారు. హసన్‌బీ గాజుల్ని రంగుల వారీగా కట్టింది. పదీ, పదిన్నర, పదకొండు అయింది. ఎవరూ రాలేదు. రుబీనా పిల్లలు వీధి మొదటికి వెళ్ళి చూసి వస్తున్నారు. నూనె కాగి పొగ వస్తుంటే సీతారావమ్మగారు పొయ్యి తగ్గించారు. మళ్ళీ పెంచారు. మళ్ళీ తగ్గించారు.

పదకొండున్నర దాకా చూసి, గట్టు ఎక్కి అందరికీ చెప్పేద్దామనుకున్నాను. పదకొండూ ఇరవైకి తుఫాన్ బండి ఒకటి వీధి మొదట్లో ఆగింది. పదముగ్గురు దిగారు. ముందు కిషోర్‌బాబు.

ఆయన నన్ను అడిగిన మొదటి మాట, "కోదాడోళ్ళు వచ్చి వెళ్ళారా?"

"ఇంకా లేదండి."

"మంచిది," అన్నారు.

గంటసేపు బాగా జరిగింది. ఆడవాళ్ళు ఐదుగురు హసన్‌బీ కొట్లో కూర్చుండిపోయారు. హసన్‌బీ ఒకావిడ చేతికి గాజులు ఎక్కిస్తూ, "దుమ్మేమన్నా తగులుతోందా అమ్మా?" అని అడిగింది. ఆవిడకి అర్థం కాలేదు, హసన్‌బీకి అక్కర్లేదు కూడా. ఒక పెద్దాయన రెండో ప్లేటు బజ్జీలు అడిగాడు. సీతారావమ్మగారు ఆయన వైపు కొంచెంసేపు చూసి, వేశారు. ఇంకొకాయన మా ఆయన కొట్టు ముందు నిలబడి తన చేతిగడియారం తీసి ఇచ్చాడు, అది చూసి మరో ఇద్దరు కూడా ఇచ్చారు. ఎప్పుడిస్తారని అడిగితే పదిరోజులు పడుతుందని చెప్పారు మా ఆయన. ఎంత సహజంగా చెప్పారంటే నేను కూడా నమ్మాను.

అప్పుడు కిషోర్‌బాబు వీధి మధ్యలో నిలబడి జేబులోంచి నా కాగితం తీశారు.

"అంతా బావుందండి. కాకపోతే ఒక మాట. మేం నేర్చుకోడానికి వస్తామని మీతో ఎవరన్నారు? మా సంఘంలో అందర్నీ అడిగా. ఎవరూ అనలేదంటన్నారు."

నౌషాద్ జిరాక్సు మిషను మూత ఎత్తి లోపలికి చూడటం మొదలుపెట్టాడు. నా నోట్లో అప్పటికప్పుడు మూడు జవాబులు తయారుగా ఉన్నాయి, మూడూ బావున్నాయి. కానీ హసన్‌బీ చేతులు కనపడ్డాయి. మోచేతుల దాకా ఇంకా పోని సున్నం మరకలు, వేళ్ళ సందుల్లో పగుళ్ళు. ఆ చేతులు చూశాక వాటిలో ఒక్కటీ బయటికి రాలేదు.

"ఎవరూ అనలేదండి," అన్నాను. "నేనే రాశాను. కోదాడ వాళ్ళు కూడా ఏమీ అడగలేదు. వీళ్ళెవరికీ తెలియదు, నేను రాసిందల్లా నమ్మారు. తప్పు నాది."

ముప్పై నాలుగేళ్ళలో ఎంతమంది పిల్లల్ని బెంచీ ఎక్కించానో లెక్కలేదు. దాని మీద నిలబడితే ఎలా ఉంటుందో నిన్న తెలిసింది. సీతారావమ్మగారు పొయ్యి ఆర్పేశారు. ఆ చప్పుడు కూడా వినపడింది.

హసన్‌బీ గాజుల బుట్ట పక్కకి జరిపి లేచింది. "అబద్ధమైతే అయ్యిందిలే అయ్యా. సున్నం నిజవే కదా. ఎనక్కి తిరిగి చూసుకో."

అంతకుముందు కిషోర్‌బాబు ఆవిడ కొట్టు గోడకి చేరగిలబడే బజ్జీలు తిన్నారు. చొక్కా తెల్లదే, సున్నమూ తెల్లదే, అందుకని ఆయనకి తెలియలేదు. కానీ నల్ల ప్యాంటు వెనక సగం గోడ ఉంది. ముందు నవ్వింది వాళ్ళ బండిలో వచ్చినావిడే.

"పోద్దా అమ్మా ఇది?" అన్నారాయన, ప్యాంటు దులుపుకుంటూ.

"పోదు. నందిగామ దాకా వస్తది."

ఆయన నవ్వలేదు. కాగితం మడిచి మళ్ళీ జేబులోనే పెట్టుకున్నారు. బండి ఎక్కేముందు నా దగ్గర ఆగి మెల్లగా, "మా దగ్గర కూడా ఇట్టాంటి వీధి ఒకటుందండి. అన్నీ మూసేశారు. మా నాన్న కొట్టు అందులోనే," అన్నారు. ఎక్కి తలుపు వేసుకున్నారు.

నవంబరు 25

సీతారావమ్మగారు మాట్లాడటం లేదు. నేను గుమ్మం దాకా వెళ్ళాను. "మీ ఆటకి నన్నొక బొమ్మను చేశారండి టీచరుగారూ. బజ్జీల సంగతి నేనెవరికీ చెప్పలా, మీకే చెప్పా," అన్నారు. తలుపు వేయలేదు. వేసినా బాగుండేది.

ఆ ఐదు కొట్లకీ మళ్ళీ తాళాలు.

నవంబరు 26, బుధవారం

మూడో సంచిక. ఒకటే వార్త. "సవరణ: నందిగామ వర్తకులు నేర్చుకోవడానికి వస్తారని మేం రాసింది అబద్ధం. రాసింది సంపాదకురాలు, చదివినవారి తప్పేమీ లేదు. రంగు వేసినవారికి, కాలవ తీసినవారికి, పిండి ఆడించినవారికి క్షమాపణ."

పిండి ఆడించినవారు అన్నచోట పెన్ను చాలాసేపు ఆగింది.

నౌషాద్ వంద కాపీలు తీశాడు. తీస్తూ, "మేడమ్, నాతో మీరు ఎన్నిసార్లు ఇంపోజిషన్ రాయించారో గుర్తుందా?" అన్నాడు. గుర్తులేదన్నాను. ఇది కూడా అబద్ధమే. ఇంక ఇదే ఆఖరిది.

నవంబరు 28, శుక్రవారం

ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. పన్నెండింట్లో ఏడు తెరిచి ఉన్నాయి. సీతారావమ్మగారివి ఐదూ మూసే ఉన్నాయి. వాళ్ళు మొదటి కొట్టు నుంచి రాసుకుంటూ వస్తున్నారు. నేను ఎదురింటి వైపు చూడకుండా నిలబడ్డాను.

రెండో కొట్టు దగ్గరికి వచ్చేసరికి తాళాల గుత్తి చప్పుడైంది. సీతారావమ్మగారు నా పక్కనుంచే వెళ్ళి ఒక్కొక్కటీ తెరిచారు. ఐదోది తెరిచాక, "మీ కోసం కాదు. అంత రంగు ఏయించి తలుపులు మూసుకుంటే ఎట్టా," అన్నారు. నా మొహం చూడలేదు. కానీ అన్నారు.

మా ఆయన కొట్టు దగ్గర ఆఫీసరుగారు, "ఇది ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని అడిగారు. నేను వెనకనుంచి ఎన్ని సైగలు చేసినా ఆయన చూడలేదు.

"ఆదివారం నుంచండి," అన్నారు.

ఆఫీసరు గోడ మీది గడియారాలు చూసి, "వీటిలో ఏది కరెక్టు టైమండి?" అన్నారు. మా ఆయన ఎడమవైపు రెండోది చూపించారు. ఆయన తన వాచీ దిద్దుకుని వెళ్ళారు.

లీజు ఒక ఏడాది పొడిగిస్తామని సాయంత్రం కబురు వచ్చింది. వచ్చే నవంబరులో మళ్ళీ చూస్తారట. హసన్‌బీ విని, "ఏడాదంటే బోలెడు," అంది.

డిసెంబరు 3, బుధవారం

నందిగామ నుంచి మరిది ఫోను. ఫ్లాటుకి ఇంకొకరు అడుగుతున్నారట, మాట చెప్పమన్నాడు.

"ఒరేయ్, మీ ఊరివే మూడు వాచీలున్నాయి నా దగ్గర. అవి ఇచ్చేదాకా నాకు కుదరదు. వాళ్ళకి ఇచ్చేయమను," అన్నారు ఆయన. ఫోను పెట్టేసి నా వైపు చూశారు. "నీకేమన్నా అభ్యంతరమా?"

లేదన్నాను. వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఊరికే నిలబడ్డాను.

డిసెంబరు 10, బుధవారం

పొద్దున కిషోర్‌బాబు ఫోటో ఒకటి పంపారు. ఒక కాగితం, ఒకవైపు. పైన పెద్ద అక్షరాలతో 'మన పాతబజారు'. అడుగున మూడు లైన్లు: మన వీధిని చూడటానికి జగ్గయ్యపేట నుంచి నలభై మంది ఈ నెల 14, ఆదివారం వస్తున్నారు.

వెంటనే ఫోను. "టీచరుగారూ, రాసేశానండి. మా వాళ్ళు రాత్రే చీపుళ్ళు పట్టుకున్నారు. ఇప్పుడు మీరు రాకపోతే నా పరువు పోద్ది."

"మమ్మల్ని అడక్కుండానే రాశారే," అన్నాను.

"మీరే కదండి నేర్పింది."

కాగితం పట్టుకుని ఎదురింటికి వెళ్ళాను. సీతారావమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. "నలభై మందికి బస్సు మాట్లాడాలిగా. మీ కృపారావుగారికి డిపోలో తెలిసినవాళ్ళు ఉంటారు, అడగండి," అని పెద్ద డబ్బాలో జంతికలు తీసి నా ముందు పెట్టారు.

నలభై మంది పేర్లు రాయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి యాభై రెండయ్యాయి. ఎవర్నీ కొట్టేయలేదు.